రెండు గిన్నెల రగ్బీ

పక్కింటి లెక్చరర్ సార్ పోయారన్న సంగతి నాకు మధ్యాహ్నం డ్యూటీ దిగాక తెలిసింది. విమానాశ్రయంలో ఆడవాళ్ళను తనిఖీ చేసే చోట నా ఉద్యోగం. ఫోన్లు లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్ళాలి. బయటికొచ్చి తెరిస్తే సార్ అన్నగారి కొడుకు పంపిన మెసేజ్ ఉంది. ‘బాబాయి పొద్దున పోయారండి. ఊరికి తీసుకెళ్తున్నాం.’ స్టాఫ్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఎవరి ఫోన్లో వాళ్ళున్నారు. నేను ఆ రెండు ముక్కలనే పదేపదే చదువుతున్నాను. పక్కనున్న అమ్మాయి నా ముఖం చూసి “ఏమైందక్కా?” అంది. “మా పక్కింటి సార్ పోయిండు” అన్నాను. “అయ్యో” అని బస్సెక్కింది. పక్కింటాయన పోతే అంతకంటే ఎవరైనా ఏమంటారు?

శంషాబాద్‌లో రగ్బీ చూసే మనుషులం నాకు తెలిసినంతలో ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇదొక బాధా అని మీరనుకోవచ్చు. దవాఖానల ముందు ఇంతకంటే పెద్ద బాధలతో జనం నిలబడి ఉంటారు, నిజమే. కానీ ఒక ఆట చూసి, అందులో ఏం జరిగిందో చెప్పాలనిపించినప్పుడు, చెప్తే అర్థమయ్యే మనిషి ఊరు మొత్తంలో ఒక్కరూ లేకపోవడం చిన్న ఒంటరితనం కాదు. మా డ్యూటీలో రగ్బీ అంటే “హెల్మెట్లు పెట్టుకొని ఆడతరు, అదేనా?” అంటారు. అది వేరే ఆట అని చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది.

ఆయన పరిచయమైన తీరు చెప్పాలి. హైవే వెనక సందులో మావి ఒకే గోడ పంచుకున్న రెండు పోర్షన్లు. ఆయన కొత్తగా దిగిన రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం తలుపు కొట్టారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. బయట వాన లేదు.

“లోపల ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నారేమోనని వచ్చానండీ. ‘పట్టుకో, పడెయ్, వదలకు’ అని అరుపులు వినిపించాయి.”

గొడుగు అందుకన్నమాట. నాకు నవ్వాగలేదు. “ఎవ్వరు లేరు సార్, నేనొక్కదాన్నే ఉన్న. మ్యాచ్ చూస్తున్న” అన్నాను. ఆయన గుమ్మంలోంచే టీవీ వైపు చూశారు. ఒక మనిషి మీద ముగ్గురు పడి ఉన్నారు.

“వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారు?”

“కొట్టుకుంటలేరు, ఆడుతున్నరు. బంతి పట్టుకొని ముందుకు ఉరకాలె. చేత్తోని ఇచ్చేటప్పుడు మాత్రం ఎనకున్నోళ్ళకే ఇయ్యాలె.”

“ముందుకు పోవాలంటే వెనక్కి ఇవ్వాలా?” అని ఆయన గొడుగును గోడకు ఆనించారు. “కాస్త కూర్చోవచ్చాండీ?”

అలా కూర్చున్న మనిషి కొన్ని సంవత్సరాలు కూర్చున్నారు. ఆయన కోస్తా మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడో డిగ్రీ కాలేజీలో జీవితమంతా స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. శంషాబాద్ ఎందుకొచ్చారు సార్ అంటే “ఎక్కడో ఒకచోట ఉండాలి కదమ్మా” అనేవారు. నాది సాతంరాయి. మా బాపు కూరగాయలు పండించేవాడు. బస్తాలు ఎత్తీ ఎత్తీ బలిసిన నా భుజాలు చూసి కాలేజీలో ఒక కోచ్ నన్ను రగ్బీలోకి లాగింది. ఆ భుజమే ఒకసారి జారి నా ఆట ముగిసింది. పెళ్ళి కూడా ఒకటి అయ్యింది, నిలవలేదు. దాని ఊసు ఇక్కడ అనవసరం.

సార్ రెండో ఆదివారానికే తన పద్ధతి తెచ్చిపెట్టారు. మ్యాచ్‌లు ఏవేవో వేళల్లో వస్తాయి కాబట్టి రికార్డు పెట్టుకుని ఆదివారం చూసేదాన్ని. ఆయన పాత పెళ్ళికార్డు లోంచి ఒక ముక్క కత్తిరించి, టీవీలో స్కోరు కనబడే మూలకు అతికించారు. స్కోరు చూడకూడదు. చేతిలో రెండు స్టీలు గిన్నెలు, జట్టుకొకటి. పక్కన ఆయన భాషలో వేరుశనగ గుళ్ళు, నా భాషలో పల్లీలు. ఎదుటివాణ్ణి పట్టి పడేసిన ప్రతిసారీ ఆ జట్టు గిన్నెలో ఒక పల్లీ. తప్పు చేసి పెనాల్టీ ఇచ్చుకుంటే ఒక పుట్నాలపప్పు. బంతిని అవతలివాళ్ళ దగ్గర్నుంచి లాక్కుంటే చిన్న బెల్లం ముక్క. మ్యాచ్ అయ్యాక ఆయన రెండు గిన్నెల్లోకీ తొంగిచూసి, ఎవరు గెలిచారో చెప్పాలి. ఆ తర్వాతే కార్డుముక్క పీకాలి. లెక్కలు ఆటను చెప్పగలవా లేదా అన్నది ఆయన పందెం.

“గోల్‌లైన్ అవతల బంతి పెట్టి పాయింట్లు కొట్టింది కండ్ల ముందర కనిపిస్తలేదా? ఇంక గిన్నెలెందుకు సార్?” అని నేను మొదట్లో పోట్లాడాను. అలా బంతి పెట్టబోయే ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకునేవారు. నిజంగానే మూసుకునేవారు, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. జనం గోల వినబడకుండా టీవీ సౌండు కూడా తీసేయించేవారు. అంత నిజాయితీ మనిషితో ఆట చూడటం పెద్ద శిక్ష.

చాలాసార్లు ఆయన చెప్పిందే అయ్యేది. నాకు ఒళ్ళు మండేది. ఆట గెలిచేది దమ్ముతో, గింజలతో కాదు అనేదాన్ని.

“సరే, దమ్ముకు ఏ గింజ వెయ్యమంటావు?” అనేవారు.

నేను ఒక పిడికెడు పల్లీలు తీసి నోట్లో వేసుకుంటే ఆయన లేచి నిలబడేవారు. “అది వాళ్ళ డిఫెన్సమ్మా, తినకు!”

తప్పినరోజు ఆయన ముఖం వెలిగిపోయేది. చెప్పింది నిజమైతే గిన్నెలు కడిగేసి వెళ్ళిపోయే మనిషి, తప్పితే మాత్రం రెండో టీ అడిగి కూర్చునేవారు. బంతి ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే గెలుస్తారని మొదట అనుకున్నారు. అది నిలబడలేదు. మ్యాచంతా బంతి తమ దగ్గరే పెట్టుకుని ఓడిపోయిన జట్లను చూశాం. తర్వాత పల్లీల గిన్నె నిండినవాళ్ళే గెలుస్తారన్నారు. కొన్నాళ్ళు అది కుదిరింది. ఒకరోజు గిన్నెలు చేతిలో పట్టుకునే అడిగారు.

“అమ్మాయ్, వీళ్ళు ఎక్కువమందిని పడేశారు కాబట్టి గెలిచారా? లేక ముందే గెలుస్తున్నారు కాబట్టి, వెనకబడినవాళ్ళు తెగించి వీళ్ళ మీదికి పరిగెత్తారా? అప్పుడు పడేయక ఏం చేస్తారు?”

“మరి మీరే స్కోరు ముయ్యవడ్తిరి. ముందెవరున్నరో ఎట్ల తెలుస్తది?”

“అదే కదా” అన్నారు సంబరంగా. “నేను దేన్ని మూశానో దానిలోనే జవాబుంది.”

ఆయన మాటలు కొన్ని నాకు అంటుకుపోయాయి. అంకె అబద్ధమాడదు, కానీ అడిగినదానికే జవాబిస్తుంది అనేవారు. గెలిచాక కారణాలు వీధికొకటి దొరుకుతాయి, ఆటకు ముందు ఒక్కటి చెప్పు చూద్దాం అనేవారు. నేను డ్యూటీలో ఎవరితోనైనా గొడవపడి వచ్చి ‘జనం గిట్లనే ఉంటరు సార్’ అని తిట్టుకుంటుంటే, “సగటు మనిషి గురించి నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పానమ్మా, ఒక్కసారీ ఎదురుపడలేదు” అనేవారు.

సాతంరాయి దగ్గర ప్లాట్లు చేసి రాళ్ళు పాతి వదిలేసిన ఒక వెంచర్‌లో, ఆదివారం పొద్దున నేను ఆడపిల్లలకు రగ్బీ నేర్పిస్తాను. హద్దురాళ్ళ మీద గోనెసంచులు కప్పి ఆడిస్తాం. మాది ఏడుగురి ఆట. ఆడటమే తప్ప టీవీలో మ్యాచ్ చూసే ఓపిక ఆ పిల్లలకు లేదు. సార్ ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని అంచున కూర్చునేవారు. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం టీకప్పు, అందులో పల్లీలు. కొన్నాళ్ళకు ఆ కప్పులు చూసే జట్టును ఎంచడం నాకూ అలవాటయ్యింది. పిల్లలతో మాట పడే పని తప్పింది కదా.

జట్టులో ఒక మహేశ్వరం పిల్ల ఉంది. గోదాములో ప్యాకింగ్ పని చేస్తుంది. పొడుగు మనిషి, మాట తక్కువ. మైదానం చివరి అంచున ఆడుతుంది. సిటీలో ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో మొదటి సగం అయ్యేసరికి ఆమె కప్పులో ఒక్క పల్లీ కూడా లేదు. సార్ కప్పు వంచి చూపించారు. నేను ఆలోచించలేదు. ఆమెను కూర్చోబెట్టి ఇంకో అమ్మాయిని దింపాను. ఆ వచ్చిన అమ్మాయి ఒకరి తర్వాత ఒకరిని పట్టి పడేస్తూనే ఉంది. కప్పు నిండి పొర్లింది. మేం ఓడిపోయాం.

తిరుగు బస్సులో పిల్లలంతా ఆ కొత్తమ్మాయిని మెచ్చుకుంటున్నారు. మహేశ్వరం పిల్ల కూడా భుజం తట్టింది. సార్ మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆరాంఘర్ దాటాక నా వైపు తిరిగారు.

“మొదటి సగంలో అటువైపు ఎవరూ పరిగెత్తలేదు. రెండో సగంలో అందరూ అటే పరిగెత్తారు. ఎందుకంటావు?”

నాకు అప్పుడు తట్టింది. నేలమీద ఆడి వచ్చినదాన్ని, నాకు ముందే తట్టాల్సింది. ఆ పిల్ల నిలబడే చోటు చూసి అవతలివాళ్ళు అటు రావడమే మానుకున్నారు. ఎవరూ రాలేదు కాబట్టి ఎవరినీ పడెయ్యలేదు. మేమిద్దరం ఆ ఖాళీ కప్పును చూసి ఆమెకు పని రాదనుకున్నాం.

“నేను ఆ అమ్మాయికి చెప్పాలి” అన్నారు సార్.

“ఫోన్ చేద్దాం సార్.”

“ఫోన్లో కాదు.”

మర్నాడు సాయంత్రం నా స్కూటీ మీద మహేశ్వరం వెళ్ళాం. పొలాల మధ్య కొత్త కాంపౌండ్ గోడలు, వాటి వెనక ఇంకా మిగిలిన టమాట చేను. పిల్ల తల్లి గడపలో మంచం వాల్చి కూర్చోమంది.

“గింత దూరం వచ్చిన్రు. ఏంది సార్, మా పిల్ల ఏమన్న లొల్లి చేసిందా?”

“లేదమ్మా. పొరపాటు మాది” అని సార్ ఆ అమ్మాయి వైపు తిరిగారు. “నిన్న నిన్ను తీసెయ్యకుండా ఉండాల్సింది. నీ పని నా లెక్కలో పడలేదు.”

ఆ పిల్ల సిగ్గుపడిపోయింది. “నేనేం పని చెయ్యలే కద సార్? నా దిక్కు ఎవ్వరు రానే రాలే. నాకే బోర్ కొట్టింది.”

“పని పడకుండా చూడటమే నీ పనమ్మా.”

తల్లి పకపకా నవ్వింది. “ఇంట్ల గూడ గదే పని సార్. ఏ పనీ మీద పడనియ్యదు!”

అందరికంటే గట్టిగా సార్ నవ్వారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వస్తూంటే ఆమె టమాటాలు సంచి నిండా కట్టిచ్చింది. ఆ వారమంతా మా రెండిళ్ళలోనూ టమాట పప్పే.

ఆ తర్వాత ఆయన మూడో గిన్నె పెట్టారు. ఎవరైనా ఒక వైపు పరిగెత్తబోయి, అక్కడున్న మనిషిని చూసి దారి మార్చుకుంటే అందులో గింజ పడాలి. రానివాళ్ళ గిన్నె అన్నారు దాన్ని. ఇక్కడ మా పాత్రలు తిరగబడ్డాయి. “వాడు అటు పోవాలనుకున్నట్టు మీకెట్ల తెలుసు? గిది లెక్క కాదు సార్, మీ ఊహ” అని నేను గింజలు తీసేసేదాన్ని. ఆయన మళ్ళీ వేసేవారు. లెక్కల మాస్టారు ఊహలకు గింజలు వేస్తుంటే, దమ్ము గిమ్ము అని ఎగిరిన నేను రుజువు అడుగుతూ కూర్చున్నాను. జరగనిదాన్ని లెక్కపెట్టే దారి ఆయనకు చివరిదాకా దొరకలేదు. దొరకలేదని ఆయనే ఒప్పుకున్నారు, గిన్నె మాత్రం తీసెయ్యలేదు.

ఒక ఆదివారం మ్యాచ్ అయ్యాక ఉన్నట్టుండి అడిగారు. “టీవీలో వాళ్ళకు వినబడదు కదా, ఎవరి కోసం అంత గట్టిగా అరుస్తావు?”

“అరువకుంటే ఇల్లు మరీ సప్పుడు లేకుంట ఉంటది సార్.”

ఆయన గిన్నెలో మిగిలిన పల్లీలు ఒకటొకటిగా తింటూ కూర్చున్నారు. “ఆ మొదటి రోజు ఎవరో కొడుతున్నారని రాలేదమ్మా నేను. ఆట అని గోడలోంచే తెలిసింది. వచ్చి కూర్చోవడానికి ఏదో ఒక సాకు కావాలి కదా” అన్నారు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను.

చివరి ఆదివారం మ్యాచ్ సగమయ్యింది. ఆయన గిన్నెల్లోకి చూసి, “ఎడమ గిన్నె గెలుస్తుంది. వీళ్ళు తప్పులు చేయట్లేదు, పెనాల్టీలు ఇవ్వట్లేదు చూడు” అన్నారు. నేను కుడి గిన్నె అన్నాను, ఊరికే, ఆయన ఎడమ అన్నారు కాబట్టి. అప్పుడే ఛాతీ దగ్గర పట్టేసినట్టుందన్నారు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ఆటో ఎక్కుతూ కూడా ఆయనకు అదే ధ్యాస.

“రెండో సగం చూడకు. నేనొచ్చాక చూద్దాం.”

“చూడను సార్, జర గమ్మునుండున్రి.”

మర్నాడు చూడబోతే మంచం మీద కూర్చుని ఉన్నారు. పరీక్షల కాగితాలు నా చేతిలో పెట్టి, “అంకెలన్నీ బాగున్నాయట. మ్యాచ్ సంగతి మాత్రం చెప్పట్లేదు” అని నవ్వారు. అన్నగారి కొడుకు ఆ రాత్రి బండికి దిగాడు. నేను డ్యూటీకి వెళ్ళాను. తర్వాత ఆ మెసేజ్.

సామాన్లు తీసుకుపోవడానికి ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. మర్యాద తెలిసినవాడు. “బాబాయి ఫోన్లో మీ గురించి చెప్పేవారండీ. మీరు ఆయనకు ఏమవుతారో మాత్రం మాకు సరిగ్గా తెలియదు” అన్నాడు. నేను ‘పక్కింటామెను’ అన్నాను. అంతకంటే ఏం చెప్పను? పెద్దకర్మకు నన్ను పిలవాలో వద్దో అతనికి తెలియలేదు. వెళ్ళాలో వద్దో నాకూ తెలియలేదు. రెండు ఇనప కుర్చీలు, పుస్తకాల పెట్టె, ఒక పరుపు వ్యాన్‌లో ఎక్కించేసరికి సార్ శంషాబాద్‌లో ఉన్న గుర్తు లేకుండా పోయింది.

ఆ రెండో సగం చూడకుండా చాలా రోజులు నెట్టుకొచ్చాను. ఫలితం తెలిసిపోతుందేమోనన్న భయం కూడా లేదు. ఈ ఊళ్ళో రగ్బీ స్కోరు పొరపాటున కూడా ఎవరి నోటా రాదు. చూడనంతకాలం ఆ పందెం ఇంకా నడుస్తున్నట్టే ఉండేది. ఆయన ఎడమ గిన్నె, నేను కుడి గిన్నె. చూస్తే అది తేలిపోతుంది. తేలిపోతే మా ఇద్దరి మధ్య ఇక మిగిలిందేమీ ఉండదు. నాకు అసలు భయం అదే.

పోయిన ఆదివారం వీక్లీ ఆఫ్. మధ్యాహ్నం అన్నం తిని, చూసేశాను. గింజలు వెయ్యలేదు, అరవలేదు. ఆయన చెప్పిన జట్టే గెలిచింది. కానీ ఆయన చెప్పిన కారణంతో కాదు. రెండో సగంలో వాళ్ళు తప్పుల మీద తప్పులు చేశారు, అడిగినన్ని పెనాల్టీలు ఇచ్చారు, అయినా గెలిచారు. జవాబు ఒప్పు, లెక్క తప్పు సార్ అనాలి. అంటే ఆయన రెండో టీ అడగాలి. గోడకు అవతల ఇల్లు ఖాళీగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆఖరి విజిల్ అయ్యాక రిమోటు తీసుకునే ఓపిక లేక అలాగే చూస్తూ ఉన్నాను. గెలిచినవాళ్ళంతా మైదానం మధ్యలో ఒకరి మీద ఒకరు పడి కావలించుకుంటున్నారు. దూరంగా, అవతలి అంచున వాళ్ళ మనిషి ఒకడు కనిపించాడు. రెండో సగమంతా అతని వైపు ఎవరూ పరిగెత్తలేదు. చొక్కాకు మట్టి కూడా పెద్దగా అంటలేదు. అందరి దగ్గరికీ నడుచుకుంటూ వస్తున్నాడు. మైదానం చాలా వెడల్పు. అతను సగం దూరం వచ్చేసరికి కెమెరా జనం వైపు తిరిగిపోయింది.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అతను అంచు నుంచి బయలుదేరాడు, చేతులు ఊపుకుంటూ, ఏ తొందరా లేకుండా. మళ్ళీ అక్కడే కెమెరా తిరిగింది. ఇంకోసారి చూశాను. ఎన్నిసార్లు చూసినా మిగతావాళ్ళు మధ్యలో నవ్వుతూనే ఉన్నారు, అతను పచ్చిక మీద ఒక్కడే నడుస్తూనే ఉన్నాడు.